నిద్ర తేని అలర్జీ బిళ్ళ: దాని మేలు, దాని హద్దు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు మమ్మల్ని ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. ఆరోగ్యం అంటే సముద్రం. పైగా మేము ఉర్దూ మీడియం పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళమే గాని డాక్టర్లం కాము. అంచేత సముద్రాన్ని వదిలిపెట్టి ఒక చిన్న బిళ్ళను పట్టుకున్నాం. ఈ సభలో వున్న సగం మంది ఇళ్ళల్లో, ఫ్రిజ్ మీదనో, అద్దం వెనకనో, ఉప్పు డబ్బా పక్కనో ఆ బిళ్ళ వుండే వుంటుంది. తుమ్ములకు, ముక్కు కారటానికి, ఒంటిమీద దద్దుర్లకు వేసుకునే అలర్జీ బిళ్ళ. అందులోనూ కొత్త రకం, అంటే నిద్రమత్తు తేనిది. అది మంచి మందే. కాని మంచి మందని తెలిసిన తర్వాత మనవాళ్ళు దాన్ని చాక్లెట్టు కింద జమకట్టేశారు. అది ఏ పని చేస్తుంది, ఏ పని చేయలేదు అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ తెలియనితనం ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఇవాళ మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మన ఇళ్ళల్లో దద్దుర్లు లేస్తే "పిత్తీ ఉఛలీ" అంటారు. పిత్తం పొంగిందని దాని అర్థం. పెద్దవాళ్ళు వెంటనే గొంగడి కప్పి పడుకోబెట్టేవారు, గేరు మట్టి పూసేవారు. వాళ్ళను ఎగతాళి చేయటం మా ఉద్దేశం కాదు. దద్దురు అన్నది ఒకచోట లేచి సాధారణంగా 24 గంటల లోపల దానంతట అదే అణిగిపోతుంది, మరోచోట లేస్తుంది. కాబట్టి ఏది పూసినా తగ్గినట్టే కనిపిస్తుంది. గొంగడి వేడికి, గరుకుకు దురద ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డ దానికంటే మేలు.

అసలు జరిగేది ఏమిటంటే, మన చర్మం కింద, ముక్కు లోపల, పేగుల గోడల్లో మాస్ట్ కణాలు అనేవి కావలివాళ్ళలాగా వుంటాయి. వాటి సంచుల్లో హిస్టమిన్ అనే పదార్థం నిండి వుంటుంది. శరీరానికి పడనిది ఏదైనా తగిలితే ఆ సంచులు పగులుతాయి. హిస్టమిన్ బయటికి వచ్చి సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, వాటినుంచి నీరు ఊరుతుంది. చర్మంలో ఊరితే దద్దురు, ముక్కులో ఊరితే జలుబు. దురద మోసే నరాలను కూడా అదే గిల్లుతుంది. ఈ హిస్టమిన్ శరీరంలో ఏమేమి చేయగలదో లండన్‌లో హెన్రీ డేల్ అనే శాస్త్రజ్ఞుడు 1910 ప్రాంతంలో పరిశోధించాడు. దానికి అడ్డు పడే మందులను మొదట కనిపెట్టినవాడు డేనియల్ బోవె. 1957లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

మా పిల్లలకు మేము చెప్పే పోలిక ఇక్కడా చెబుతాం. హిస్టమిన్ తాళంచెవి. కణాల మీద వున్నది తాళం. బిళ్ళలోని మందు ముందుగా వెళ్ళి ఆ తాళం రంధ్రంలో కూర్చుంటుంది. తాళంచెవి వచ్చినా లోపలికి పోదు. ఇంతే ఆ మందు చేసే పని. అది హిస్టమిన్‌ను చంపదు, అలర్జీని వేళ్ళతో పీకెయ్యదు. అప్పటికే తిరిగిన తాళాన్ని వెనక్కి తిప్పటానికి కొంత సమయం తీసుకుంటుంది. అందుకే రోజూ దద్దుర్లు లేచేవారు దురద మొదలైనప్పుడల్లా ఒకటి మింగటం కాకుండా, డాక్టరు చెప్పినన్ని రోజులు రోజుకొకటి వేళకు వేసుకోవాలంటారు.

మన పాల్వంచలో తుమ్ములకు కరువు లేదు. బొగ్గు టిప్పర్ల దుమ్ము వుంది, బూడిద వుంది. 2024 ఆగస్టు 5న పాత కేటీపీఎస్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చినప్పుడు లేచిన దుమ్మును ఊరంతా చూసింది. ఖాళీ స్థలాల్లో మోకాలెత్తు పెరిగే వయ్యారిభామ వుంది. దాన్ని కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దాని పుప్పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, ఆకు ఒంటికి తగిలితే కొందరికి చర్మం పొక్కుతుంది. వానలు పడగానే మునగచెట్టు మీద గొంగళిపురుగులు. కిన్నెరసాని వైపు అడవిలోకి వెళ్ళేవారికి తేనెటీగలు, కందిరీగలు. అయితే దుమ్ముకు తుమ్మిన ప్రతివాడికీ అలర్జీ వున్నట్టు కాదు. మిరపకాయలు దంచితే ఎవరైనా తుమ్ముతారు. బూడిద నేరుగా ముక్కును రాపిడి చేస్తే దానికి తడిగుడ్డ కట్టుకోవటమే సగం వైద్యం.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్ళు ఏ తుమ్ముకైనా "ఈస్నోఫీలియా వుంది" అంటారు. ఇస్నోఫిల్ అన్నది రక్తంలో అందరికీ వుండే ఒక తెల్లకణం. అలర్జీలో కొంచెం పెరుగుతుంది, కడుపులో పురుగులున్నా పెరుగుతుంది. అది పెరగటం ఒక గుర్తు, జబ్బు పేరు కాదు. ఫైలేరియా పురుగు వల్ల వచ్చే ఇస్నోఫీలియా దగ్గు వేరే వుంది. దానికి వాడే మందు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆ దగ్గుకు అలర్జీ బిళ్ళ సరిపోదు. రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే మందుల దుకాణానికి పరుగెత్తకుండా డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాత బిళ్ళలు అందరికీ తెలిసినవే. అవిల్, సీపీఎం అని పిలిచే క్లోర్‌ఫెనిరమిన్, ఇవి మనం చిన్నప్పటినుంచీ మింగినవే. ఇవి రక్తంలోంచి మెదడులోకి కూడా దూరిపోతాయి. మెదడులో హిస్టమిన్ చేసే పని వేరు. అక్కడ అది మనిషిని మెలకువగా వుంచుతుంది. దానికి అడ్డు పడితే కళ్ళు మూతలు పడతాయి. అంటే నిద్ర రావటం ఆ మందు బలానికి గుర్తు కాదు, అది పోకూడని చోటికి పోయిందనటానికి గుర్తు. "ఈ కొత్త బిళ్ళకు నిద్రే రాలేదు సార్, పనిచేసేది కాదేమో" అని మా దగ్గర ఒక పెద్దాయన అన్నారు. దురద తగ్గిందా అని అడిగితే తగ్గిందన్నారు. మరింకేం కావాలి!

నిద్రమత్తు ఎంత పని చేస్తుందో తెలుసుకోవటానికి అమెరికాలోని అయోవాలో ఒక పరీక్ష చేశారు. దాని ఫలితాలు 2000 సంవత్సరంలో అచ్చయినాయి. అలర్జీ వున్న 40 మంది డ్రైవర్లను, అచ్చంగా రోడ్డు మీద కారు నడిపినట్టే వుండే ఒక యంత్రంలో కూర్చోబెట్టారు. ఒకసారి పాతరకం మందు డైఫెన్‌హైడ్రమిన్ ఇచ్చారు, ఒకసారి కొత్తరకం ఫెక్సోఫెనడైన్ ఇచ్చారు, ఒకసారి సారాయి పట్టించారు, ఒకసారి మందే లేని ఉత్త బిళ్ళ ఇచ్చారు. పాతరకం మందు వేసుకున్నప్పుడు వాళ్ళ డ్రైవింగు సారాయి తాగినప్పటికంటే అధ్వాన్నంగా వుంది. ఫెక్సోఫెనడైన్ వేసుకున్నప్పుడు ఉత్త బిళ్ళ వేసుకున్నట్టే వుంది. ఇందులో మమ్మల్ని ఎక్కువ భయపెట్టిన సంగతి మరొకటి వుంది. నాకు నిద్ర రావటం లేదు అని మనిషి అనుకోవటానికి, అతను నిజంగా ఎంత బాగా నడుపుతున్నాడన్నదానికి సరైన పొంతన లేదు. "నాకేం కాదు భాయ్" అనేవాడి మాట నమ్మటానికి వీల్లేదన్నమాట. మణుగూరు రోడ్డు మీద రాత్రిపూట టిప్పరు తోలే మన కుర్రవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, ప్లాంటులో నైట్ షిఫ్టు చేసేవాళ్ళు, వెల్డింగు పనివాళ్ళు, నిచ్చెనలెక్కి సున్నాలు వేసేవాళ్ళు ఈ సంగతి ప్రత్యేకంగా వినాలి. చల్లగాలికి తుమ్ములు వచ్చాయని సీపీఎం మింగి స్టీరింగు పట్టుకోవద్దు.

ఇక పిల్లల సంగతి. ఇది మా సొంత ఫిర్యాదు అనుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా తరగతిలో నాలుగైదు తలకాయలు బల్లల మీద వాలి వుంటాయి. రాత్రంతా టీవీ చూశాడేమోనని మొదట అందరూ అనుకుంటారు. ఇంట్లో కనుక్కుంటే జలుబుకు సిరపు పట్టించాం అంటారు. ఆ సీసా మీద చూస్తే క్లోర్‌ఫెనిరమిన్ అని రాసి వుంటుంది. ఇంగ్లండులో 15 నుంచి 17 ఏళ్ళ విద్యార్థులు 1834 మందిని పరిశీలించి 2007లో ఒక లెక్క ప్రకటించారు. పరీక్షల రోజుల్లో పుప్పొడి అలర్జీతో తుమ్ముతూ కూర్చున్నవారికి, ముందు జరిగిన నమూనా పరీక్షకంటే అసలు పరీక్షలో ఒక గ్రేడు తగ్గే అవకాశం మిగతావారికంటే 40 శాతం ఎక్కువ వుంది. నిద్రమత్తు తెచ్చే మందు వేసుకున్నవారికి 70 శాతం ఎక్కువ. అంటే వైద్యం చేయకపోయినా నష్టమే, తప్పు మందుతో చేస్తే ఇంకా నష్టం. పదో తరగతి పరీక్షకు పోయే పిల్లవాడికి బొట్టు బొట్టుగా ముక్కు కారుతుంటే, "పరీక్షలైనాక చూద్దాం" అనకుండా, పరీక్షలకు రెండు వారాల ముందే డాక్టరుకు చూపించి మత్తు లేని మందు అడగండి. ఏ కొత్త మందైనా మొదటిసారి పరీక్ష రోజు పొద్దున వేయవద్దు. సెలవు రోజు వేసి చూడాలి, ఎందుకంటే కొత్తరకాల్లో కూడా అన్నీ ఒకటి కావు.

సెట్రిజిన్ కొత్తరకం కిందికే వస్తుంది గాని పదిమందిలో ఒకరిద్దరికి దానితో కూడా మత్తు వస్తుంది. లెవోసెట్రిజిన్ దాని చెల్లెలు, దాన్ని రాత్రిపూట వేసుకోమంటారు. లొరటడిన్, డెస్‌లొరటడిన్ మామూలు మోతాదులో మత్తు చాలా తక్కువ. ఫెక్సోఫెనడైన్ మెదడులోకి దాదాపు పోనే పోదు. అందరిదీ ఒక పని, గుణంలో తేడా. మీకు ఏది సరిపడుతుందో మీ ఒళ్ళే చెప్పాలి.

ఈ ఫెక్సోఫెనడైన్ ఎట్లా వచ్చిందో చెప్పకపోతే మా పాఠం అసంపూర్తిగా వుంటుంది. దానికంటే ముందు టెర్ఫెనడైన్ అనే మందు వుండేది. 1985లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. నిద్ర తేని బిళ్ళ అని లోకమంతా మెచ్చుకుంది. కోట్లమంది వాడారు. కొన్నేళ్ళకు అక్కడక్కడా మనుషులు కుప్పకూలటం మొదలైంది. విచారిస్తే తెలిసింది ఏమిటంటే, ఈ మందును మన లివరు కొద్దిసేపట్లోనే ఇంకో పదార్థంగా మార్చేస్తుంది, పనిచేసేది ఆ మారిన పదార్థమే. కాని గొంతు నొప్పికి వాడే ఎరిత్రోమైసిన్, తామరకు వాడే కీటోకొనజోల్ బిళ్ళల వంటివి తోడైతే లివరు ఆ పని చేయలేదు. మారని టెర్ఫెనడైన్ రక్తంలో పేరుకుపోయి గుండె లయను చెదరగొడుతుంది. 1998లో దాన్ని అమెరికా మార్కెట్టు నుంచి తీసేశారు. దాని దారినే పోయిన అస్టెమిజోల్‌ను 1999లో తీసేశారు. లివరు తయారుచేసే ఆ మారిన పదార్థాన్నే ఫ్యాక్టరీలో చేసి బిళ్ళగా అమ్మటం 1996లో మొదలైంది. అదే ఫెక్సోఫెనడైన్. గుండెకు ఆ ప్రమాదం లేదు. మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కూడా దాన్ని తయారుచేసి అమెరికాకు అమ్ముతున్నది.

ఈ కథ ఎందుకు చెప్పామంటే, టెర్ఫెనడైన్ మింగినవాళ్ళలో చాలామంది చెడ్డ మందు మింగలేదు. రెండు మంచి మందులు ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా మింగారు. ఇవాళ మన ఇళ్ళల్లో జరుగుతున్నదీ అటువంటిదే, ప్రమాదం అంత పెద్దది కాకపోయినా. డాక్టరు ఇచ్చిన మత్తులేని బిళ్ళ పొద్దున వేసుకుంటారు. మధ్యాహ్నం తలనొప్పి, జలుబు అని దుకాణంలో జలుబు బిళ్ళ కొంటారు. అందులో క్లోర్‌ఫెనిరమిన్ వుంటుంది. ఇంకేముంది, మత్తు లేని మందు వేసుకున్నామన్న ధైర్యంతో మత్తులో బండి నడుపుతారు. కాబట్టి అట్ట వెనక పైన పెద్ద అక్షరాల్లో వున్న కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో వున్న మందు పేరు చదవాలి. చదువు రాని తల్లులు మా విద్యార్థుల చేత చదివించుకోవచ్చు, ఆ మాత్రం ఇంగ్లీషు వాళ్ళకు వచ్చు. పేరు చివర "ఎం" అని వుంటే చాలాసార్లు మాంటెలుకాస్ట్ కలిసి వున్నదని అర్థం. అది వేరే మందు. కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, పీడకలలు, దిగులు, కోపం వస్తున్నాయని 2020 మార్చిలో అమెరికా ఔషధ శాఖ గట్టి హెచ్చరిక పెట్టింది. డాక్టరు అవసరమని రాస్తే వేసుకోవాలి, పక్కింటివాళ్ళ అట్టలోంచి తీసుకుని కాదు.

మోతాదు సంగతి. పెద్దవాళ్ళకు ఫెక్సోఫెనడైన్ తుమ్ములకు 120, దద్దుర్లకు 180 మిల్లీగ్రాములు రోజుకొకటి మామూలు మోతాదు. సెట్రిజిన్ 10, లొరటడిన్ 10, లెవోసెట్రిజిన్ 5. తగ్గలేదని గంటకొకటి మింగటం పనికిరాదు. ఆరు వారాలు దాటినా తగ్గని మొండి దద్దుర్లకు చర్మవ్యాధి నిపుణులు మోతాదు పెంచుతారు, నాలుగింతల దాకా కూడా పెంచుతారు. అది వాళ్ళు చూసి చేసే పని. కిడ్నీ జబ్బు వున్నవారికి సెట్రిజిన్, ఫెక్సోఫెనడైన్ రెండూ తగ్గించి ఇవ్వాలి, ఎందుకంటే అవి వంట్లోంచి త్వరగా బయటికి పోవు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడగకుండా వేసుకోవద్దు. పెద్దబిళ్ళను సగం విరిచి పిల్లవాడికి పెట్టటం మానాలి. పిల్లల మోతాదు వయసును, బరువును బట్టి వుంటుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు సిరపులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని మన దేశ ఔషధ నియంత్రణ శాఖ 2023 డిసెంబరులో చెప్పింది.

ఫెక్సోఫెనడైన్ మంచినీళ్ళతోనే మింగాలి. బత్తాయి, నారింజ, ఆపిల్ రసాలతో మింగితే పేగుల్లోంచి రక్తంలోకి పోయే మందు బాగా తగ్గిపోతుంది. పరిశోధనల్లో సగానికి పైగా తగ్గింది. రంజాన్‌లో ఇది మనకు పనికివచ్చే మాట. రోజుకొకటి బిళ్ళ కాబట్టి రోజాకు అడ్డం రాదు, ఇఫ్తారుకో సహరీకో సర్దుకోవచ్చు. కాని ఇఫ్తారు దస్తర్‌ఖాను మీద వున్నదంతా పండ్లు, పండ్ల రసాలే! ఖర్జూరంతో రోజా విప్పి పళ్ళరసం గటగటా తాగి వెంటనే బిళ్ళ వేసుకుంటే డబ్బులు దండగ. సహరీ వేళ నీళ్ళతో వేసుకోవటం మేలు, లేదా రసానికీ బిళ్ళకూ నాలుగు గంటల ఎడం వుంచండి. పకోడీలు తిని కడుపు మంటకు తాగే జెలుసిల్, డైజీన్ వంటివి కూడా దీన్ని అడ్డుకుంటాయి. వాటికీ రెండు గంటల ఎడం కావాలి.

నెలల తరబడి రోజూ సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ వాడి ఒక్కసారిగా మానేస్తే కొందరికి కొద్ది రోజుల్లో ఒళ్ళంతా భరించలేని దురద వస్తున్నదని 2025 మే నెలలో అమెరికా ఔషధ శాఖ ప్రకటించింది. అరుదే గాని నిజం. అట్లా వచ్చినప్పుడు జబ్బు తిరగబెట్టిందని భయపడకుండా, మెల్లగా ఎట్లా మానాలో డాక్టరును అడగాలి.

ఇంకా ఘోరమైన సంగతి వేరే వుంది. కొందరు బస్తీ వైద్యులు అలర్జీ బిళ్ళతోపాటు పొట్లంలో ఒక చిన్న తెల్ల బిళ్ళ కట్టి ఇస్తారు. అది స్టిరాయిడ్. వేసుకోగానే దద్దుర్లు మాయం, డాక్టరు హస్తవాసికి పేరు. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లవుతాయి. పేరు లేని బిళ్ళను పొట్లంలో ఇస్తే "దీని పేరేమిటి?" అని అడిగే హక్కు డబ్బులిచ్చినవాడికి వుంది.

అన్ని దురదలూ హిస్టమిన్ దురదలు కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. అడవికి కట్టెలకు, తునికాకుకు పోయేవారికి దూలగొండి బాగా తెలుసు. దాని కాయల మీది నూగు తగిలితే ప్రాణం పోయినట్టు గోక్కుంటారు. అది వేరే దారిలో నరాలను గిల్లుతుంది, హిస్టమిన్ దారిలో కాదు. అలర్జీ బిళ్ళ దానికి అంతగా పనిచేయదు. రుద్దకుండా ప్లాస్టరు అంటించి నూగును లాగేసి, నీళ్ళతో కడుక్కోవటమే మార్గం. గజ్జికి ఇంటిల్లిపాదీ పురుగుమందు పూసుకోవాలి. తామరకు ఫంగస్ మందు కావాలి. పెళ్ళిళ్ళల్లో నల్ల మెహందీ అని పెడుతున్నారు, అది గోరింటాకు కాదు. ఎర్రగా పండేదే అసలు గోరింటాకు. నల్లదాంట్లో జుట్టుకు వేసే రంగు కలుపుతారు. రెండు మూడు రోజులకు చేతిమీద ఆ ముగ్గు ఆకారంలోనే బొబ్బలు లేస్తాయి. ఒకసారి అట్లా పడనివారికి ఆ తర్వాత జన్మంతా జుట్టు రంగు కూడా పడదు. ఆ బొబ్బలకు అలర్జీ బిళ్ళ పెద్దగా చేసేది లేదు, డాక్టరు ఇచ్చే పూత మందు కావాలి. పెళ్ళికూతుళ్ళ తల్లులు ఈ మాట చెవిన వేసుకోవాలి.

బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ వంటి బిళ్ళలు వాడే పెద్దలకు ఎప్పుడైనా దురద లేకుండా పెదవులు, నాలుక వాస్తే అది కూడా హిస్టమిన్ పని కాదు. అలర్జీ బిళ్ళ వేసుకుని ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. కొన్ని వేసవుల కింద తునికాకు కోతల రోజుల్లో, మాకు తెలిసిన ఒక నడివయసు మనిషిని అడవి అంచున కందిరీగలు కుట్టాయి. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పక్కనున్నవాళ్ళు మంచి మనసుతోనే, ఎవరి జేబులోనో వున్న అలర్జీ బిళ్ళ వేసి చెట్టు నీడన కూర్చోబెట్టారు. దద్దుర్లే గదా, తగ్గుతాయి అన్నారు. కాసేపటికి ఆయన గొంతు బొంగురు పోయింది. తర్వాత వాంతి అయింది. కళ్ళు తిరుగుతున్నాయంటే ఎండదెబ్బ అనుకుని లేపి నడిపించారు. నాలుగడుగులు వేసి పడిపోయాడు. అదృష్టం బాగుండి రోడ్డు మీద జీపు దొరికింది, ఆసుపత్రిలో తొడకు ఇంజెక్షను ఇచ్చారు, బతికాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమే అని డాక్టరు అన్నారట.

ఆ ఇంజెక్షను పేరు అడ్రినలిన్. దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకోవటం, గొంతు మారటం, నాలుక వాయటం, ఆయాసం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవటం, వీటిలో ఏది కనిపించినా అది అలర్జీ బిళ్ళ పరిధి దాటిపోయింది. అప్పుడు శరీరమంతటా రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంటుంది, ఊపిరి గొట్టాలు ముడుచుకుంటుంటాయి. అలర్జీ బిళ్ళ కడుపులో కరిగి రక్తంలో కలవటానికే అరగంట, గంట పడుతుంది. కలిసినా పడిపోయే రక్తపోటును లేపే శక్తి దానికి లేదు. అవిల్ ఇంజెక్షనుకు కూడా లేదు. అడ్రినలిన్ తొడ కండలోకి ఇస్తే నిమిషాల్లో పనిచేస్తుంది. పెద్దవాళ్ళకు అర మిల్లీగ్రాము. అవసరమైతే ఐదు నిమిషాలకు మళ్ళీ ఇస్తారు. ఖరీదైన మందు కూడా కాదు. 108కి ఫోను చేసేటప్పుడు "దద్దుర్లు" అని ఊరుకోకుండా "ఊపిరి ఆడటం లేదు, అలర్జీ" అని స్పష్టంగా చెప్పండి. బండి వచ్చేదాకా మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టాలి. ఆయాసం వుంటే కూర్చోబెట్టవచ్చు. లేపి నిలబెట్టటం, నడిపించటం మాత్రం చేయవద్దు, అప్పుడే గుండె ఆగేది. తగ్గినా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే వుండాలి, ఎందుకంటే కొందరికి అది మళ్ళీ తిరగబడుతుంది.

కుట్టినది తేనెటీగ అయితే ముల్లు చర్మంలో వుండిపోతుంది. ఎట్లా తీయాలి, గోటితోనా కార్డుతోనా అని వాదించుకోకుండా ఎంత త్వరగా అయితే అంత త్వరగా తీసెయ్యాలి. ఒకసారి ఇట్లా ప్రాణం మీదికి వచ్చినవారు మళ్ళీ అడవికి ఒంటరిగా పోకూడదు. ఇంట్లోవాళ్ళకు, పనికి తోడు వచ్చేవాళ్ళకు చెప్పి వుంచాలి.

రొయ్యలు, గుడ్డు, పల్లీలు పడనివారు, పెన్సిలిన్ పడనివారు, డిక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి బిళ్ళలకు దద్దుర్లు లేచేవారు మనలో చాలామంది వున్నారు. అందరూ నోటితోనే గుర్తుంచుకుంటారు. స్పృహ లేనప్పుడు నోరు ఎట్లా చెబుతుంది? ఒక చిన్న అట్టముక్క మీద "నాకు ఫలానా మందు పడదు" అని రాసి ఆధార్ కార్డుతోపాటు జేబులో పెట్టుకోమని మా పదో తరగతి పిల్లలకు చెప్పాం, వాళ్ళ ఇళ్ళల్లో అందరికీ రాసివ్వమన్నాం. ఏ భాషలో రాయాలి సార్, అని ఒక పిల్లవాడు అడిగాడు. మేము ఉర్దూ మాస్టర్లమైనా, 108 బండిలో వచ్చే కుర్రవాడికి నస్తాలిఖ్ రాదు గదా! మందు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, మిగతాది తెలుగులో రాయమన్నాం. రాసిన అట్టలు కొన్ని ఇక్కడ బల్లమీద పెట్టాం. సభ అయినాక కలం తీసుకుని రండి, మా పిల్లలు నింపి ఇస్తారు.